సరే, సరేలే, సరేలెండి: ఒప్పుకున్నట్టా, కానట్టా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీది కరీంనగర్ వైపు. కోనసీమలో ఒక బ్యాంకు బ్రాంచిలో చేరి ఎనిమిది నెలలైంది. పంట రుణాలు రెన్యువల్ చేయించుకోమని రైతులకు చెబితే "సరేలెండి" అంటున్నారు, "చూద్దాం లెండి" అంటున్నారు. ఒప్పుకున్నారనుకుని మీరు పేరు రాసుకుంటే, తీరా ఆ రోజుకి మనిషి రావడం లేదు. పైగా ఒకసారి కౌంటర్ దగ్గర ఒకాయన్ని, వెంట వచ్చిన తండ్రి కనబడకపోయేసరికి, "మీ నాన్న పోయిండ్రా?" అని అడిగితే ఆయన మొహం ఒక్కసారిగా మారిపోయింది. మీతో మళ్ళీ సరిగ్గా మాట్లాడలేదు. ఒకే అర్థం ఉన్న మాటల మధ్య తేడా ఎట్లా పట్టుకోవాలి, దానికేదైనా పద్ధతి ఉందా, పుస్తకం ఉందా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెబుతాను. "సరేలెండి" అన్న మనిషి ఒప్పుకోలేదు. "చూద్దాం లెండి" అన్న మనిషి మర్యాదగా కాదన్నాడు. "అలాగేనండి, బుధవారం వస్తాను" అన్న మనిషి ఒప్పుకున్నాడు, అతని పేరు రాసుకోండి. పద్ధతి కూడా ఉంది. అన్న మాట పక్కన, అదే చోట అనగలిగి కూడా అనకుండా వదిలేసిన మాటను పెట్టి చూడండి. "సరే" అని ఆగిపోవచ్చు కదా, "లెండి" ఎందుకు తగిలించాడు? ఆ ప్రశ్న వేసుకుంటే సగం పని అయిపోతుంది.

నేను కోనసీమలోనే ముప్ఫై నాలుగేళ్ళు దస్తావేజు లేఖరిగా పనిచేశాను. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా వరండాలో బల్ల వేసుకుని క్రయ దస్తావేజులు, భాగపరిష్కారాలు (ఆస్తి పంపకాలు), తనఖాలు, వీలునామాలు రాయడం నా పని. సెల్‌ఫోన్లు రాకముందు సాయంత్రం పూట కువైట్‌కి, మస్కట్‌కి, దుబాయ్‌కి వెళ్ళిన వాళ్ళకి ఇంట్లోవాళ్ళ తరఫున ఉత్తరాలు కూడా రాసేవాణ్ణి. మనిషి నోటితో చెప్పింది కాగితం మీద పెట్టేటప్పుడు ఒక్క అక్షరం అటూ ఇటూ అయితే ఏం జరుగుతుందో ఆ రెండు పనులూ నాకు చూపించాయి.

ఇక ఆ "లే" సంగతి. ఇది చాలా చిన్న అక్షరం గానీ మీ ఇబ్బంది అంతా దీనిలోనే ఉంది. "లే" అన్నప్పుడల్లా మాట్లాడే మనిషి ఎదుటివాళ్ళకి ఒకటే చెబుతున్నాడు: ఇక ఈ సంగతి మనసులోంచి తీసెయ్యి. చీకటి పడినా కొడుకు ఇంటికి రాలేదని గుమ్మంలో నిలబడ్డ తల్లితో పక్కింటావిడ "వస్తాడులే వదినా" అంటుంది. అది ఓదార్పు. అప్పిచ్చినవాడు వచ్చి నిలబడితే "ఇస్తాన్లే బావా" అంటాడు ఒకడు. అది తప్పించుకోవడం. రెండు చోట్లా అదే "లే", రెండు చోట్లా అదే పని చేస్తోంది. తీసెయ్యమన్నది మీ భయాన్ని అయితే ఓదార్చినట్టు. మీరు అడిగిన దాన్నే తీసెయ్యమంటే కాదన్నట్టు. మీరు రైతుని ఒక పని అడిగారు, ఆయన "సరేలెండి" అన్నారు. అంటే మీరు అడిగిన దాన్ని గౌరవంగా పక్కన పెట్టారు. "లెండి"లో ఉన్న "అండి" మీకు ఇచ్చిన మర్యాద, "లే" మీ పనికి ఇచ్చిన జవాబు.

ఇవి విడివిడిగా వినడం అలవాటు చేసుకోండి. "సరే" అంటే ఒప్పుకోలు, అందులో వేరే ఏమీ లేదు. "సర్లే" అంటే విసుగు, లేదా ఇష్టం లేకపోయినా ఊరుకోవడం. "సరేలెండి" అంటే ఈ మాట ఇంతటితో ఆపుదాం అని. "అలాగే" అన్నది "సరే" కన్నా గట్టిది, ఎందుకంటే మీరు చెప్పిన తీరునే చేస్తానని అందులో ఉంది. "అలాగే చూద్దాం" అన్నారంటే మాత్రం ఆ గట్టిదనం పోయింది, "చూద్దాం" వచ్చి దాన్ని మింగేసింది.

మీకు రోజుకి వందసార్లు వినిపించే "ఆయ్" గురించి కూడా చెప్పాలి. అది ఒప్పుకోలు కాదు. "వింటున్నానండి, మీ మాట నా చెవిన పడింది" అని గౌరవంగా చెప్పడం అంతే. దాని తర్వాత ఏమొచ్చిందో చూడాలి. "ఆయ్, అలాగేనండి" అంటే పని జరుగుతుంది. "ఆయ్, మరి మా అబ్బాయిని కూడా ఓ మాట అడగాలండి" అంటే ఈ వారం జరగదు. "మరేనండి" అన్నారంటే మీరు చెప్పింది నిజమేనని ఒప్పుకున్నారు. ఆ పని చేస్తామని మాత్రం అనలేదు.

ఏ రోజు వస్తారో అడగండి. అడిగాక క్రియ ఎలా ముగిసిందో వినండి. "బుధవారం వస్తానండి" అన్న మనిషి వస్తాడు. "బుధవారం వద్దామనుకుంటున్నానండి" అన్న మనిషికి రావాలనే ఉంది, దారిలో ఏదో అడ్డు ఉంది. అదేమిటో అడిగితే చెబుతాడు, చాలాసార్లు వడ్డీ కట్టడానికి డబ్బు చాలకపోవడమే అయి ఉంటుంది. "బుధవారం రావాలండి" అన్న మనిషి తనకు తానే గుర్తు చేసుకుంటున్నాడు. "వస్తాలెండి" సంగతి ఇప్పుడు మీకు తెలిసిందే.

ఇలా మాట్లాడేవాళ్ళని అబద్ధాలకోరులు అనుకోవద్దమ్మా, ఈ మాట మీకు గట్టిగా చెప్పాలి. మొహం మీద "రాను" అనడం ఇక్కడ చాలామందికి తిట్టినంత పని. అందుకని కాదనే మాటని వినిపించేలాగే చెబుతారు, గుచ్చుకోకుండా చెబుతారు. ఎదుటివాళ్ళు వింటారన్న నమ్మకంతోనే అలా చెబుతారు. అది వినలేకపోవడం మీ తప్పూ కాదు. మీ చెవి వేరే ఊళ్ళో తయారైంది, అంతే.

"పోయిండ్రా" దగ్గర జరిగింది కూడా అదే. మీ వైపు పోవుడంటే వెళ్ళడమే, అందులో ఇంకో నీడ లేదు. మా వైపు ఎక్కడికో చెప్పకుండా మనిషి గురించి ఉత్తినే "పోయారు" అంటే చనిపోయారనే వినబడుతుంది. వెళ్ళడానికి "వెళ్ళు" అనే మాట పెట్టుకున్నాం కాబట్టి "పో" ఇటు జరిగింది. దాని ఒక వాడుక కసురుకోవడానికి మిగిలింది, ఇంకోటి చావుకి మిగిలింది. అందుకే ఇంట్లోంచి బయల్దేరే మనిషి "వెళ్తాను" అని కూడా అనడు, "వెళ్ళొస్తాను" అంటాడు. తిరిగి రావడం ఆ మాటలోనే ఉండాలి. ఆస్పత్రిలో రోగిని చూసి లేచేటప్పుడు ఇది మరీ పట్టించుకుంటారు. మంచం పక్కన "ఇక వెళ్తానండి" అనేసి, వెంటనే "వెళ్ళొస్తానండి" అని సరిదిద్దుకున్న వాళ్ళని నేను చూశాను.

చావుకి మా దగ్గర ఎన్ని మాటలున్నాయో మీరే గమనించండి. పెద్దవాళ్ళు "కాలం చేశారు", "కన్నుమూశారు". తెలిసినవాళ్ళు "పోయారు". పరాయివాడు, లేదా పేపర్లో చదివినవాడు "చనిపోయాడు". "చచ్చాడు" అన్నది కోపం, లేదా పశువు. దస్తావేజులో చనిపోయినవారి పేరు ముందు "లేటు" అని రాసే అలవాటు ఒకప్పుడు ఎక్కువ. ఒక భార్య నా బల్ల ముందు కూర్చుని, రాసింది చదివించుకుని, ఆ ఒక్క మాట మీద వేలు పెట్టి "ఇది తీసేసి కీర్తిశేషులు అని రాయండి బాబుగారూ" అంది. చట్టానికి రెండూ ఒకటే. ఆవిడకి కాదు. కాగితం కొత్తగా రాశాను.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. నేను ఈ పని మీద శ్రద్ధ పెట్టింది దాని తర్వాతే.

ఎనభైల చివర్లో ఒక తల్లి వచ్చి కువైట్‌లో ఉన్న కూతురికి ఉత్తరం రాయించుకుంది. ఇళ్ళల్లో పనికి వెళ్ళిన పిల్ల అది. ఆ తల్లి చెప్పింది: "మేం బాగున్నాం, నువ్వు జాగ్రత్త అని రాయి బాబూ." నేను వేగంగా రాసుకుంటూ "మేము బాగానే ఉన్నాము, నీవు జాగ్రత్త" అని రాశాను. అందంగా ఉంటుందని చేయి అలా తిరిగింది. మూడు వారాల తర్వాత ఊళ్ళోని ఎస్టీడీ బూత్‌కి ఆ అమ్మాయి ఫోన్ చేసి, తల్లిని పిలిపించి, ఏడుస్తూ అడిగిందట: "నాన్నకి ఏమైంది? నా దగ్గర ఏం దాస్తున్నారు?" ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు. "బాగున్నాం" అంటే బాగుండటమే. "బాగానే ఉన్నాం" అంటే ఏదో ఉంది, దాన్ని పక్కన పెట్టి మిగతా అంతా ఫరవాలేదు అని. ఆ "నే" ఒక్కటి సముద్రం అవతల ఒక పిల్లకి ఎన్ని రాత్రుల నిద్ర లేకుండా చేసిందో నాకు తెలియదు గానీ, ఆ తల్లి వచ్చి చెప్పినప్పుడు నా చేతులు వణికాయి. ఆ రోజు నుంచి ఉత్తరం పూర్తయ్యాక చెప్పినవాళ్ళకి పైకి చదివి వినిపించకుండా కవరు అంటించలేదు.

తెలుగులో ఛాయ ఎక్కువగా మాట చివర ఉంటుంది. ఏ, ఓ, ట, లే, గా, మరి లాంటి చిన్నచిన్న ముక్కలు. "వచ్చాడు" అంటే నేను చూశాను, లేదా నాకు ఖాయంగా తెలుసు. "వచ్చాడట" అంటే ఎవరో చెప్పారు, నా పూచీ లేదు. "వచ్చాడేమో" అనుమానం. "వచ్చాడుగా" అంటే నీకూ తెలుసు, మళ్ళీ ఎందుకు అడుగుతావు అని. సాక్షి సంతకం పెట్టడానికి వచ్చిన మనిషిని "ఈయన డబ్బు ఇవ్వడం మీరు చూశారా?" అని అడిగితే "ఇచ్చారటండి" అన్నాడు ఒకసారి. నేను కలం కింద పెట్టేశాను. "ఇచ్చారండి" అనగలిగినవాళ్ళని తీసుకురమ్మన్నాను. మీ బ్యాంకు పనిలో కూడా ఈ "ట" మీకు ఉపయోగపడుతుంది. హామీ సంతకం పెట్టేవాడు "వాడికి రెండెకరాలు ఉందటండి" అంటే, అతనికి ఆ పొలం తెలియదు.

క్రియ తోక ఇంకా పెద్దది. "చెప్పాడు" అన్నది మామూలు మాట. "చెప్పేశాడు" అంటే దాచవలసింది బయటపెట్టాడు, లేదా బరువు దించుకున్నాడు. "చెప్పించాడు" అంటే తను రాకుండా మరొకరి నోట అనిపించాడు. "చెప్పి ఉంచాడు" అంటే ముందుచూపు. "చెప్పుకున్నాడు" దగ్గర కాస్త ఆగండి, ఇది మీకు బాగా అవసరం. ఎవరైనా "మేనేజరుగారికి చెప్పానండి" అంటే సమాచారం ఇచ్చారు. "మేనేజరుగారితో చెప్పుకున్నానండి" అంటే తన కష్టం ఆయన ముందు పెట్టారు, దయ చూపిస్తారని ఎదురుచూస్తున్నారు. రెండోదానికి మీరు "సరే, నోట్ చేసుకున్నాం" అని జవాబిస్తే వాళ్ళకి గాయమవుతుంది.

"అను" కూడా ఇలాంటిదే. "నాతో అన్నాడు" అంటే మాట చెప్పాడు. "నన్ను అన్నాడు" అంటే తిట్టాడు, నింద వేశాడు. తో, ను అన్న రెండక్షరాల తేడా. "మేడంగారు నన్నన్నారండి" అని మీ మీద ఎవరైనా మీ పైఆఫీసరుకి చెబితే ఏమన్నారో ఆయన వినకుండానే అది ఫిర్యాదు అయిపోతుంది. అలాగే "ఈ నాలుగు బొండాలూ పట్టుకెళ్ళండి" అంటే ప్రేమ. "బొండాలు పట్టుకెళ్ళిపోయారు" అంటే అడగకుండా తీసుకున్నారని.

మనం, మేము అన్న తేడా మీద ప్రత్యేకంగా చెవి పెట్టండి. ఇద్దరు అన్నదమ్ములు భాగపరిష్కారం రాయించుకోవడానికి వచ్చారు. పెద్దాయన "మన చెరువుగట్టు చేను ఎవరికి పెడదాం?" అన్నాడు. చిన్నాయన "మీ చేను మీ ఇష్టమండి" అన్నాడు. అన్నగారిని అంతకుముందు "నువ్వు" అనేవాడు, అది నాకు తెలుసు. నోటి మాటకి ఏ తగాదా లేదు, గొంతు పెంచలేదు. కానీ "మన" అన్నచోట "మీ" వచ్చింది, "నువ్వు" అన్నచోట "అండి" వచ్చింది. మర్యాద పెరిగిందంటే దూరం పెరిగిందని. ఈ రోజు రాయడం మంచిది కాదు, ఇంటికెళ్ళి ఓసారి కూర్చుని మాట్లాడుకుని రండి అని పంపించేశాను. నాలుగు నెలల తర్వాత వచ్చారు. అప్పుడు చిన్నాయన నోట "అన్నయ్యా, మన" అని వచ్చింది. రాశాను.

వీలునామా దగ్గర జరిగింది ఒకటి చెప్పకుండా ఉండలేను. ఒక ముసలావిడ, భర్త లేరు, ఇద్దరు కొడుకులు. పెద్దవాడు హైదరాబాదులో ఉద్యోగం, చిన్నవాడు ఆవిడ దగ్గరే ఉండి కొబ్బరి దింపులు చూసుకుంటున్నాడు. "నా తర్వాత ఇంట్లో చిన్నాడు ఉండాలి, అలా రాయండి" అంది. పక్కనున్న బంధువు ఒకాయన తొందరపడుతున్నాడు: "అదేనండి, చిన్నాడికి చెందుతుందని రాసెయ్యండి." చాలామంది లేఖరులు అలాగే రాసేస్తారు, ఎందుకంటే "చెందవలెను" అన్నది మా రాతలో అలవాటైన మాట. నేను ఆవిడనే అడిగాను: "అమ్మా, ఇంట్లో వాడు ఉండాలా, ఇల్లు వాడిది అవ్వాలా?" ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది: "ఉండాలి బాబూ. ఇద్దరిదీ అవ్వాలి. వాడు బతికున్నంత కాలం వాణ్ణి ఎవరూ లేవమనకూడదు, అంతే." ఉండటం వేరు, కావడం వేరు. మొదటిది కాపురముండే హక్కు, రెండోది ఆస్తి. ఆవిడ మొదటినుంచీ సరైన మాటే అంది. పక్కవాళ్ళే దాన్ని వేరే మాటగా విన్నారు.

అదే రోజు ఇంకోటి కూడా అడిగాను. "ఇప్పుడే రాసి ఇచ్చేస్తారా, మీ తర్వాత అని రాస్తారా?" మామూలు మాటల్లో "రాసి ఇచ్చేశాను" అని రెండింటికీ అంటారు. కానీ వీలునామా అయితే ఆవిడ బతికున్నంత కాలం మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు. సెటిల్‌మెంటు దస్తావేజు అయితే రిజిస్టరు అయిన రోజునే హక్కు చేతులు మారిపోతుంది, వెనక్కి తీసుకోవడం మామూలుగా కుదరదు. "ఇస్తాను"కీ "ఇచ్చాను"కీ మధ్య ఒక ముసలి ప్రాణానికి నిలువ నీడ ఉండటం, లేకపోవడం ఉంది. ఈ రెండు మాటల తేడా తెలియక సంతకం పెట్టి, తర్వాత నా బల్ల దగ్గరికి వచ్చి ఏడ్చినవాళ్ళని చూశాను కాబట్టి ఇంత నొక్కి చెబుతున్నాను. మీ దగ్గరికి పెద్దవాళ్ళు ఏ కాగితం పట్టుకొచ్చినా, "ఇచ్చేశారా, ఇస్తానన్నారా" అని ఒకసారి అడగండి.

వస్తువుల పేర్లలో కూడా ఇదే తీరు. సముద్రంలో ఉన్నప్పుడు విలస అనే చేపే గోదారిలోకి ఎదురీదుకుంటూ వచ్చాక పులస అవుతుంది. చేప అదే, నీరు మారింది, పేరు మారింది, ధర మారింది. సంతలో ఒకరు విలసని పులస అని అమ్మితే అది అబద్ధమే, చేప ఒకటే కదా అంటే ఎవరూ ఒప్పుకోరు. కొబ్బరి చూడండి: బొండాం అంటే నీళ్ళకి, కాయ అంటే కొట్టడానికీ వంటకీ, కురిడీ అంటే లోపల కొబ్బరి ఎండి గుల్లలోనే కదులుతున్నది. అంబాజీపేట మార్కెట్లో ఈ మూడింటికీ మూడు ధరలు, మూడు రకాల కొనుగోలుదార్లు. "కొబ్బరి ఎంత?" అని మీరు అడిగితే "ఏ కొబ్బరండి?" అని ఎదురు అడుగుతారు.

గోదారి విషయంలో ఇంకా బాగా కనిపిస్తుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర పది లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, పదమూడు లక్షలకి రెండోది, పదిహేడు లక్షలకి మూడోది. ఆఫీసుకి ఆ మూడు మెట్లు చాలు. లంకల్లో, అంటే గోదారి పాయల మధ్య దీవుల్లో, ఉండేవాళ్ళకి వేరే మెట్లున్నాయి. "ఎర్రనీరు వచ్చింది" అంటే పైన ఎక్కడో వానలు పడ్డాయి, రంగు మారింది, పడవలు కట్టుకోవాలి. "గోదారి వచ్చింది" అంటే ఒడ్డు దాటింది. ఈ మాటలో భయం తక్కువ, చుట్టం వచ్చినట్టే ఉంటుంది, ఎందుకంటే నీరు లాగాక ఒండ్రు మిగులుతుంది, కూరగాయలు బాగా కాస్తాయి. "గోదారి ముంచేసింది" అంటే అది నష్టం. 1986 ఆగస్టు వరదని మా ఊళ్ళో ఇప్పటికీ ఎవరూ "వచ్చింది" అనరు. మీ దగ్గరికి పంట నష్టం గురించి వచ్చే రైతు ఏ క్రియ వాడాడో వింటే, కాగితం చూడకముందే ఎంత పోయిందో కొంత తెలుస్తుంది.

అనకూడని మాటలు ఉంటాయి, వాటి స్థానంలో వేరేవి వాడతారు, ఇది త్వరగా చెప్పి వదిలేస్తాను. దీపం "ఆరిపోయింది" అనరు, "కొండెక్కింది" అంటారు. బియ్యం "అయిపోయాయి" అనరు, "నిండుకున్నాయి" అంటారు. పాము కరిచిందని నోటితో అనలేక "పురుగు ముట్టింది" అంటారు. బ్యాంకుకి రాలేదేమని అడిగితే "ఇంట్లో పురుగు ముట్టిందండి" అని ఎవరైనా అంటే, చిన్న విషయం అనుకోకండి. వెంటనే "ఎవరికి? ఆస్పత్రికి తీసుకెళ్ళారా?" అని అడగండి.

కొన్ని జాగ్రత్తలు. మొదటిది వెటకారం. ఇక్కడ పొగిడే మాటతోనే తిట్టగలరు. "అబ్బో, చాలా తొందరగా చేశారండి" అన్నది పని మూడు వారాలు ఆలస్యమైనప్పుడు వినిపిస్తే, అది మెచ్చుకోలు కాదు. మాట కొలత, పని కొలత కంటే పెద్దదిగా ఉంటే అనుమానించండి. రెండోది, నేను చెప్పినవన్నీ గొంతుతో కలిసి పనిచేస్తాయి. వాట్సాప్‌లో "సరేలెండి" అని రాసినవాడు నిజంగానే ఒప్పుకుని ఉండొచ్చు, ఇప్పటి పిల్లలు అలా రాస్తున్నారు. రాతలో అనుమానం వస్తే ఫోన్ చేయండి. మూడోది, ఇదంతా ఒక ఊరి చెవి. మా దగ్గర "పో" కసురు, మీ దగ్గర కాదు. ఏ ఒక్క ఊరి మాటా మిగతావాటికి తూనికరాయి కాదు. మీ యాస దాచుకోవలసిన పనీ లేదు, ఇక్కడివాళ్ళు నెలరోజుల్లో దానికి అలవాటు పడతారు, ఇష్టపడతారు కూడా.

పుస్తకం అడిగారు. నిఘంటువులు అర్థం ఇస్తాయి. ఎవరు ఎవరితో ఎప్పుడు అంటారన్నది వాటిలో తక్కువ. వృత్తుల మాటలకైతే ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వేసిన మాండలిక వృత్తి పదకోశం చూడండి. వ్యవసాయం మీది మొదటి సంపుటం భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో 1962లో వచ్చింది. ఒకే పనిముట్టుకి, ఒకే పనికి ఏ జిల్లాలో ఏమంటారో రైతుల నోటినుంచి సేకరించి పెట్టారు. పంట రుణాలు చూసే మనిషికి అది నిజంగా పనికొస్తుంది. మిగతాది మీరే ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని రాసుకోండి. విన్న మాట ఒక పక్క, దాని బదులు అనగలిగిన మాట ఇంకో పక్క, ఆ తర్వాత నిజంగా ఏం జరిగిందో మూడో పక్క. ఆ మూడో వరస ముఖ్యం. నేను రెండేళ్ళు అలా రాశాను.

ఇక "పోయిండ్రా" అని అడిగిన ఆయన సంగతి. ఆయన మళ్ళీ వచ్చినప్పుడు ఊరుకోవద్దు. "ఆ రోజు తప్పుగా వినబడిందండి, మా వైపు పోయిండంటే వెళ్ళారని. మనసులో పెట్టుకోకండి" అని మీరే చెప్పండి. అంతా విప్పి చెబితే ఆయనే నవ్వేస్తారు. ఆ తర్వాత "నాన్నగారు ఎలా ఉన్నారండి?" అని అడగండి. "బాగున్నారండి" అంటే పనిలోకి దిగండి. "బాగానే ఉన్నారండి" అంటే మాత్రం కుర్చీ చూపించి, "ఏం, ఒంట్లో బాలేదా?" అని ఇంకో మాట అడగండి.